స్త్రీ పురుషుల ఫుట్‌బాల్ పోటీ

భారతదేశపు పురుషుల ఫుట్‌బాల్ జట్టును, స్త్రీల జట్టును ఒకే మైదానములో ఎదురెదురుగా నిలిపి ప్రదర్శన పోటీ ఆడించినచో ఎవరు గెలుతురు? మదనపల్లెలో గాని, పుంగనూరులో గాని, కుప్పములో గాని సాయంకాలము నలుగురు కూడిన చోట ఈ ప్రశ్న వేసి చూడుడు. ప్రశ్న ముగియక ముందే సమాధానము వచ్చును. సమాధానము వెంట ఒక నవ్వు కూడ వచ్చును. సమాధానముతో మాకు పేచీ లేదు. ఆ నవ్వును గురించియే నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ముందుగా సమాధానమును దాచక చెప్పుదము. ఇరుపక్షముల వారును సమవయస్కులై, సమానమైన శిక్షణ పొందినవారైనచో పురుషుల జట్టే గెలుచును. అదియు స్వల్పమైన తేడాతో కాదు. 2016లో ఆస్ట్రేలియా స్త్రీల జాతీయ జట్టు న్యూకాసిల్ నగరపు పదునైదేండ్ల లోపు బాలుర జట్టుతో ఆడి 7-0 తేడాతో ఓడెను. 2017లో అమెరికా స్త్రీల జట్టు డాలస్ నగరమునకు చెందిన అదే వయసు బాలుర చేతిలో 5-2 తేడాతో ఓడెను. అప్పటికి ఆ అమెరికా జట్టు ప్రపంచ విజేత. ఆ రెండును అభ్యాసము కొరకు ఆడిన ఆటలే గాని పందెములు కావు. అట్లని ఆ అంకెలను త్రోసివేయుట న్యాయము కాదు.

కారణము రహస్యమేమియు కాదు. యౌవనారంభమున మగపిల్లల దేహములో టెస్టోస్టెరాన్ అను హార్మోను మిక్కుటముగా ఊరును. దానివలన కండ పెరుగును, ఎముక దీర్ఘమగును, రక్తము ప్రాణవాయువును ఎక్కువగా మోయును. నూరు మీటర్ల పరుగులో పురుషుల ప్రపంచ రికార్డు 9.58 సెకండ్లు, స్త్రీలది 10.49 సెకండ్లు. పూర్తిగా ఒక్క సెకండైనను లేని తేడా! అయినను ఆ పురుషుడు గమ్యము చేరునప్పటికి ఆ స్త్రీ ఇంకను ఎనిమిది మీటర్లకు పైగా వెనుక ఉండును. ఎత్తు దూకుటలో పురుషుల రికార్డు 2.45 మీటర్లు, స్త్రీలది 2.10 మీటర్లు. ఫుట్‌బాల్ గోలుకు పైనుండు అడ్డకమ్మి ఎత్తు 2.44 మీటర్లు. అనగా క్యూబా దేశీయుడగు సొటొమేయర్ 1993లో దూకిన ఎత్తు ఆ అడ్డకమ్మిని దాటిపోవునంత.

ఇందులో ఒక విశేషము కలదు. వాలీబాల్ ఆటలో పురుషులకు వల 2.43 మీటర్ల ఎత్తున కట్టుదురు, స్త్రీలకు 2.24 మీటర్లకు దింపుదురు. ఇనుపగుండు విసరుటలో పురుషులకు 7.26 కిలోలు, స్త్రీలకు 4 కిలోలు. బాస్కెట్‌బాల్ ఆటలో స్త్రీల బంతి కొంచెము చిన్నది. ఫుట్‌బాల్ మాత్రము స్త్రీలకు ఏ సడలింపును చేయలేదు. అదే మైదానము, అదే బంతి, అదే 7.32 మీటర్ల వెడల్పుగల గోలు. 1991లో చైనాలో జరిగిన తొలి మహిళా ప్రపంచకప్పు ఆటలను ఎనుబది నిమిషములకు కుదించిరి గాని, తరువాత ఆ తేడాను కూడ తీసివేసి తొంబది నిమిషములు చేసిరి. ఇది స్త్రీలకు చేసిన గౌరవమో, వారిని గురించి ఎవరును ఆలోచింపకపోవుటచే కలిగిన సమానత్వమో తేల్చుట కష్టము. ఆటబూట్లను సైతము చిరకాలము పురుషుల పాదముల కొలతకే కుట్టిరి. స్త్రీలకు మోకాలిలోని బంధనము తెగుట పురుషులలో కంటె రెండు మూడు రెట్లు అధికమని వైద్యులు చెప్పుచున్నారు.

సమానులు కానివారిని పోటీకి నిలుపరాదను న్యాయము మన రైతులకు తెలియనిది కాదు. బండలాగుడు పందెములలో రెండు పండ్ల ఎడ్లను, నాలుగు పండ్ల ఎడ్లను, ఆరు పండ్ల ఎడ్లను వేరువేరు తరగతులుగా లాగింతురు. రెండు పండ్ల జత గెలిచినప్పుడు దాని యజమాని తలపాగా ఎగురవేయును. ముదురు జత ఇంతకంటె ఎక్కువ దూరము లాగునని చెప్పి ఆ సంతోషమును ఎవరును తక్కువ చేయరు. పుంగనూరు వారికి ఈ సంగతి మరియు చక్కగా తెలియును. మూడడుగుల ఎత్తైనను లేని తమ ఊరి ఆవును ఒంగోలు ఎద్దు ప్రక్కన నిలిపి, ఎత్తు కొలిచి, వెలకట్టువాడు పశువుల బేరము ఎరుగనివాడు. మేము చెప్పునది కొలతను గురించియే గాని మనుష్యులను గురించి కాదని శ్రోతలు గ్రహింతురు గాక.

ఇక నవ్వు సంగతి. అది క్రొత్తది కాదు. 1895 మార్చిలో లండను నగరపు ఉత్తర భాగమున స్త్రీల జట్లు రెండు ఫుట్‌బాల్ ఆడగా పదివేల మందికి పైగా జనము కూడిరి. పత్రికలవారు ఆటను గురించి వ్రాసిన దానికంటె ఆటకత్తెల దుస్తులను గురించి వ్రాసినదే ఎక్కువ. 1902లో ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘమువారు తమకు అనుబంధమైన క్లబ్బులు స్త్రీల జట్లతో ఆడరాదని ఆదేశించిరి. మన ప్రశ్నలోని పోటీ ఏదో, దానినే ఆ విధముగా నిషేధించిరన్నమాట.

కుప్పము శ్రోతలకు కోలారు బంగారు గనులు చేరువలోనివే. 2001లో మూతపడిన ఆ గనుల కాలనీలలో తెల్లదొరలు తెచ్చిన ఫుట్‌బాల్, హాకీ ఆటలు తరముల తరబడి వర్ధిల్లినవి. గని గాని, కర్మాగారము గాని ఉన్న చోటికి బంతి కూడ వెదకికొని వచ్చును. ఇంగ్లండులోని ప్రెస్టన్ పట్టణమున అట్లే జరిగెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున పురుషులు సైన్యమునకు పోగా, డిక్, కెర్ అను కంపెనీ కర్మాగారములో మందుగుండు సామగ్రి చేయు పనికి స్త్రీలు వచ్చిరి. విశ్రాంతి వేళలలో వారు కర్మాగారపు ప్రాంగణములో మగ పనివారితో కలిసి బంతి తన్నుచు ఆట నేర్చిరి. 1917 క్రిస్మసు నాడు పదివేల మంది ఎదుట తొలి పోటీ ఆడి, వచ్చిన డబ్బును గాయపడిన సైనికుల ఆసుపత్రికి ఇచ్చిరి. 1920లో ఫ్రాన్సు దేశపు స్త్రీల జట్టుతో తలపడిరి. అటుపిమ్మట వారిని జనము ఇంగ్లండు జట్టుగానే చూచెను. ఆ ఏడు డిసెంబరు 26న లివర్‌పూల్ నగరములోని గుడిసన్ పార్కులో వారి ఆటను చూచినవారు 53,000 మంది. మైదానము నిండిపోగా చోటు దొరకక వెలుపల నిలిచినవారు వేల సంఖ్యలో ఉండిరి.

యాబది మూడు వేల మంది టిక్కెట్లు కొని వచ్చిన ఆటను ఎవరు చూతురని ఇక అడుగుటకు వీలులేకపోయెను. కావున మరియొక మాట దొరకెను. 1921 డిసెంబరు 5న ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘము సమావేశమై, ఈ ఆట స్త్రీల దేహమునకు తగినది కాదనియు, వసూలైన ధర్మనిధుల లెక్కలు సరిగా లేవనియు చెప్పి, తమ అధీనములోని మైదానములను స్త్రీల ఆటలకు ఇవ్వరాదని తీర్మానించెను. ఆటను ఆడవద్దని చట్టము చేయలేదు. మైదానము మాత్రము తీసికొనిరి. ఆట ఆగుటకు అది చాలును.

అదే 1921వ సంవత్సరము మన వైపున మరియొక విధముగా నడచినది. మదనపల్లె అప్పుడు మదరాసు రాజధానిలోనిది. 1921 ఏప్రిలులో మదరాసు శాసనసభ స్త్రీలకు వోటు హక్కు నిచ్చుచు తీర్మానించెను. బ్రిటిషు పాలనలోని రాష్ట్రములలో ఆ పని మొట్టమొదట చేసినది ఆ సభయే. ఆ హక్కు కొరకు పాటుపడిన వారిలో ముఖ్యురాలు మార్గరెట్ కజిన్స్ అను ఐర్లండు దేశీయురాలు. ఆమె భర్త జేమ్స్ కజిన్స్ మదనపల్లె కళాశాలకు అధ్యక్షులు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు వచ్చినప్పుడు జనగణమన గీతమును స్వరబద్ధముగా వ్రాసియుంచినది ఆమెయేనని మన ప్రాంతమున అందరును ఎరుగుదురు. అంతకుముందు స్త్రీల వోటు కొరకు డబ్లినులో ప్రభుత్వ భవనపు కిటికీ అద్దములు పగులగొట్టి 1913లో ఆమె చెరసాలకు పోయివచ్చినదని ఎరిగినవారు తక్కువ. అట్టి మనిషి మదనపల్లెలో పాలుపంచుకొనిన స్త్రీల సంఘమునకు అబలా అభివర్ధనీ సమాజమని పేరు! అద్దములు పగులగొట్టిన చేతులను అబల పేరుతో పిలిచిన ఆ కాలపు మర్యాదను తలచికొన్న మాకు నవ్వు వచ్చుచున్నది. ఈ నవ్వు వేరు.

ఆస్తిగల కొలదిమంది స్త్రీలకే యైనను మదనపల్లెలో వోటు వచ్చిన ఆ సంవత్సరముననే ప్రెస్టను స్త్రీలకు మైదానము పోయెను. ముప్పదియేండ్లు నిండని ఆ ఆటకత్తెలకు వారి దేశములో వోటు కూడ లేదు. అది 1928లో గాని రాలేదు. ఆ జట్టులో మిక్కిలి పేరుపొందిన లిలీ పార్ నిషేధము నాటికి పదునారేండ్ల పిల్ల. ఇంగ్లండు ఫుట్‌బాల్ కీర్తిమందిరమున 2002లో చోటు పొందిన తొలి మహిళ ఆమెయే. అప్పటికి ఆమె చనిపోయి ఇరువది నాలుగేండ్లు.

స్వదేశములో మైదానము పోయిన ఆ జట్టు 1922లో అట్లాంటిక్ దాటి పోయెను. కెనడా సంఘమువారు ఆడనీయలేదు. అమెరికాలో దిగి చూడగా వారికి ఎదురు నిలువదగిన స్త్రీల జట్లు లేవు. పురుషుల జట్లే సిద్ధమైనవి. ఆ విధముగా మన ప్రశ్నకు నిజమైన ఉదాహరణము అనుకోకుండ సమకూరినది. తొలి ఆట పాటర్సన్ అను పట్టునేత పట్టణపు జట్టుతో. మదనపల్లె నేతగాండ్రకు ఆ ఊరి పేరు తెలియకపోయినను వృత్తి తెలిసినదే. అచ్చట 6-3 తేడాతో స్త్రీలు ఓడిరి. దారపు మిల్లువారి జట్టుతో 4-4గా సరిపెట్టిరి. పర్యటన ముగియునప్పటికి కొన్ని గెలిచి, కొన్ని ఓడి, కొన్నిటిని సమము చేసికొనిరి. వారిని ఓడించుట తమకు మిక్కిలి శ్రమయైనదని ఆనాటి ప్రత్యర్థి గోలుకీపరు ఒకడు తరువాతి కాలమున చెప్పెను.

2016, 2017 సంవత్సరముల అంకెలకును దీనికిని పొందిక లేదే యని శ్రోతలు అడుగవచ్చును. కలదు. ఆ ప్రెస్టను స్త్రీలు నాలుగైదేండ్లుగా వారము వారము వేలాది జనము ఎదుట ఆడి రాటుదేలినవారు. ఆనాటి అమెరికా పురుషులు చాలవరకు మిల్లు పని ముగించుకొని వచ్చి ఆడువారు. దేహబలములోని తేడా నాడును ఉన్నది, నేడును ఉన్నది. దానికి తోడు అభ్యాసము, మైదానము, పోషణ అను మూడు లెక్కకు రావలెను. నేడు సంపన్న దేశములలో క్లబ్బులవారు పదేండ్ల ప్రాయము నుండియే బాలురను చేరదీసి తయారుచేయుచున్నారు. నిషేధము ఇంగ్లండులో 1971 వరకు సాగినది. యాబదియేండ్లనగా రెండు తరములు. ఆ రెండు తరముల బాలురు తండ్రుల వెంట మైదానమునకు పోయి ఆట నేర్చిరి. బాలికలు ఎవరి వెంట పోవలెను?

శిక్షణ ఎంత పని చేయునో మన పురుషుల జట్టే సాక్షి. 1952 హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో మనవారు 10-1 తేడాతో ఓడిరి. మనవారిలో పలువురు ఆ చలిలో బూట్లు లేని కాళ్లతో ఆడిరి. భారతీయుల దేహము ఫుట్‌బాలుకు తగదని అప్పుడు ఎవరును తీర్మానింపలేదు. బూట్లు తప్పనిసరి చేసిరి. హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సునకు పోయినప్పుడు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనలు చేరిరి. అచ్చట మరల అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోలు మనది; కొట్టినవాడు నెవిల్ డిసౌజా. ఆట 4-1తో పోయినదనుట నిజమే గాని, 10-1 నుండి 4-1కి నాలుగేండ్లు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణమును తెచ్చినదియు రహీం జట్టే.

మన స్త్రీల జట్టునకు అట్టి రహీం ఒకడు అట్టి కాలమున దొరకలేదు. అయినను 1980 జనవరిలో కోళిక్కోడులో జరిగిన ఆసియా మహిళా పోటీలలో మనవారు ద్వితీయ స్థానము పొందిరి. 1983లో బ్యాంకాకులో మరల ద్వితీయ స్థానము. ఆ తరువాత చిరకాలము వారిని పట్టించుకొన్నవారు లేరు. 2025 జూలైలో థాయిలాండును దాని గడ్డమీదనే 2-1తో ఓడించి ఆసియా కప్పునకు అర్హత గడించిరి. నిజామాబాదు జిల్లా తండానుండి బయలుదేరిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా దేశపు క్లబ్బుకు ఆడుటకు పోయినది. క్రికెట్టులో 2025 నవంబరున ప్రపంచకప్పు గెలిచిన మహిళల జట్టులో మన పొరుగు కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉన్నది. దూరపు చుట్టములను గురించి చెప్పుకొన్నట్లు మనము వారిని గురించి చెప్పుకొనుచున్నాము. మన ఊరి పిల్లల సంగతి ఏమి?

ఈ మూడు ఊళ్లలో సాయంకాలము అయిదు గంటల వేళ మైదానముల ప్రక్కగా నడచిన వారికి కనిపించు దృశ్యము మాకును కనిపించినది. నడిమి భాగమంతయు మగపిల్లలది. మూడు నాలుగు క్రికెట్టు ఆటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి సాగుచుండును. ఎవరి బంతి ఎవరిదో దేవునికే ఎరుక. ఆడపిల్లలు ఉన్నచో గోడ ప్రక్క ఉందురు, నడచుచుందురు, లేదా తమ్ముని సంచి పట్టుకొని కూర్చుందురు. వారిని ఎవరును పొమ్మనలేదు. రమ్మనిన వారును లేరు. పల్లెలనుండి వచ్చు బాలికల సంగతి ఇంకను వేరు. బడి విడిచిన వెంటనే పోవు బస్సు తప్పినచో చీకటి పడును గనుక ఆట యను మాటయే లేదు. కావున వారికి ఆట దొరకవలెనన్న బడివేళలోని ఆటల పీరియడులోనే దొరకవలెను. ఆ పీరియడును లెక్కల పాఠమునకు తీసికొను అలవాటును ఉపాధ్యాయులు మానుకొనవలెను. లెక్కల ఉపాధ్యాయులు మమ్ము క్షమింతురు గాక!

ఆట స్త్రీల దేహమునకు తగదను మాట మన ఊళ్లలో ఇప్పటికిని వినబడును. మదనపల్లె చుట్టుపట్ల టమోటా తోటలలో తెల్లవారకముందే నడుములు వంచి కాయలు కోసి గంపలు ఎత్తువారు ఎవరు? కుప్పము వైపు పట్టుపురుగుల మనుగడకు రేయింబవళ్లు మల్బరీ ఆకు కోసి మోయువారు ఎవరు? శ్రమకు తగిన దేహము ఆటకు ఏల తగదో 1921నాటి లండను పెద్దలును చెప్పలేదు, నేటి మన పెద్దలును చెప్పుట లేదు.

ఇక ప్రదర్శన పోటీ మాట. 1973లో అమెరికాలో బిల్లీ జీన్ కింగ్ అను టెన్నిసు క్రీడాకారిణి యాబది యైదేండ్ల బాబీ రిగ్సును ముప్పది వేల మంది ఎదుట మూడు సెట్లలో ఓడించినది. ఆ పోటీలో ఆట తక్కువ, గంగమ్మ జాతర సందడి ఎక్కువ. అదియు ఒక మేలు చేసినదని ఒప్పుకొందుము. అయినను జాతీయ జట్లను ఎదురెదురుగా నిలుపుట మాకు సమ్మతము కాదు. ఫలితము ముందే తెలిసిన పోటీని చూచుటకు టిక్కెట్టు ఎందులకు? నిలుపవలసినచో ఇరుపక్షముల వారిని కలిపి, ఒక్కొక్క జట్టులో ఆరుగురు స్త్రీలును అయిదుగురు పురుషులును ఉండునట్లు ఆడింపవలెను. అప్పుడు పురుషుడు స్త్రీకి బంతి అందింపక తప్పదు, ఆమె దానిని ఏమి చేయునో చూడక తప్పదు.

అంతకంటె మేలైన పోటీ యొకటి కలదు. యౌవనము రాకముందు, అనగా పది పదకొండేండ్ల వరకు, బాలబాలికల బలములో తేడా స్వల్పము. కొన్ని తరగతులలో ఆడపిల్లలే పొడవు. 1978లో ఇంగ్లండున పన్నెండేండ్ల బాలిక యొకతె బాలుర జట్టులో ఆడుటకు న్యాయస్థానమునకు పోయి, క్రింది కోర్టులో గెలిచి, పై కోర్టులో ఓడెను. నేడు ఆ దేశములోనే ఆ వయసు వారు కలిసి ఆడుచున్నారు. మన ప్రాథమిక పాఠశాలలలో దీనికి కోర్టుతో పనిలేదు. అయిదవ తరగతి బాలురును బాలికలును కలిసిన రెండు జట్లు, లేదా ఒక జట్టు బాలురు, ఒక జట్టు బాలికలు ఆడవచ్చును. ఎవరు గెలుతురో ఆట ముగియువరకు మదనపల్లెలోని ఏ పెద్దమనిషియు చెప్పలేడు.

దీనికి పెద్ద మైదానము అక్కరలేదు. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లెలో ఏడాదిలో చాల నెలలు సాయంకాలపు ఎండ కూడ బాధింపదు. పెద్దల బంతి అయిదవ నంబరుది, బరువు 410 నుండి 450 గ్రాములు. పిల్లలకు నాలుగవ నంబరు బంతి చాలును, అది 390 గ్రాములకు మించదు. గోలుకు నాలుగు వెదురు కర్రలు, పైన ఒక త్రాడు. శనివారము మధ్యాహ్నము బడి ముగియుటకు ఒక గంట ముందు మొదలుపెట్టినచో పల్లె పిల్లలకు బస్సు తప్పదు.